హార్వే వాషింగ్టన్ వైలీ

హార్వే వాషింగ్టన్ వైలీ (అక్టోబరు 18, 1844 - జూన్ 30, 1930) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. 1883 నుండి 1912 వరకు ఆ దేశపు వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయనవేత్తగా పనిచేశాడు. 1906లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన స్వచ్ఛ ఆహార, ఔషధ చట్టానికి ఈయనే మూలపురుషుడు. ఆ చట్టాన్ని చాలాకాలం వైలీ చట్టమనే పిలిచేవారు. డబ్బాలలో మూసి అమ్మే ఆహారంలో ఏమి కలిసిందో కొనేవారికి చూసి తెలుసుకునే వీలు లేదు కనుక, ఆ పని ప్రభుత్వమే చేయాలని వాదించి, అందుకు తగిన పరీక్షా పద్ధతులనూ చట్టాన్నీ కూడా సమకూర్చిన వ్యక్తిగా వైలీ చరిత్రలో నిలిచాడు. అయితే చట్టం వచ్చిన తరువాత దానిని అమలు చేసే అధికారం క్రమంగా ఆయన చేతినుండి జారిపోయింది. ఆయన జీవితంలో చివరి సగం ఈ పోరాటంతోనే గడిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

వైలీ ఇండియానా రాష్ట్రంలోని కెంట్ అనే గ్రామం సమీపంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి ప్రెస్టన్ వైలీ రైతు, మతబోధకుడు, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. 1863లో హార్వే హానోవర్ కళాశాలలో చేరాడు. మరుసటి సంవత్సరం చదువు ఆపి, అంతర్యుద్ధంలో ఉత్తర రాష్ట్రాల సైన్యంలో కొద్దికాలం పనిచేశాడు. తిరిగి వచ్చి 1867లో పట్టం పొందాడు. తరువాత ఇండియానాపోలిస్‌లో లాటిను, గ్రీకు భాషలు బోధిస్తూ వైద్యవిద్య అభ్యసించి 1871లో వైద్య పట్టా తీసుకున్నాడు. కాని వైద్యవృత్తి చేపట్టలేదు. 1873లో హార్వర్డులో రసాయన శాస్త్రం చదివి మరొక పట్టా సంపాదించాడు.

1874లో పర్డ్యూ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచినపుడు అక్కడ మొదటి రసాయన శాస్త్ర ఆచార్యుడు వైలీయే. 1878లో జర్మనీ వెళ్ళి హాఫ్‌మన్ వంటి మహా శాస్త్రజ్ఞుల ఉపన్యాసాలు విన్నాడు. బెర్లినులోని ప్రభుత్వ ఆహార పరిశోధనశాలలో పోలారిస్కోపు వాడకం నేర్చుకున్నాడు. వివిధ చక్కెరల ద్రావణాలు కాంతిని ఎంత మేరకు త్రిప్పుతాయో కొలిచి, ఏది ఏ చక్కెరో తేల్చి చెప్పే పరికరమది. స్వదేశం తిరిగి రాగానే ఇండియానా రాష్ట్ర ఆరోగ్య మండలి కోరికపై బజారులో అమ్ముతున్న చక్కెరలను, పాకాలను పరీక్షించాడు. తేనె అని, మేపుల్ పాకమని అమ్ముతున్న సరుకులో చాలా భాగం మొక్కజొన్న పిండి నుండి తీసిన గ్లూకోజు అని తేలింది. కల్తీపై వైలీ చేసిన మొదటి పరిశోధన ఇదే. 1881లో దీనిని ప్రచురించాడు.

పర్డ్యూలో ఉండగా జరిగిన ఒక చిన్న సంగతి ఆయన స్వభావాన్ని తెలుపుతుంది. ముందు చక్రం మనిషి ఎత్తున ఉండే ఆనాటి సైకిలు కొని, దానిపై కళాశాలకు వెళ్ళేవాడు. విద్యార్థులతో కలిసి బేస్‌బాలు ఆడేవాడు. ఒక ఆచార్యుడు ఇలా కోతివలె చక్రమెక్కి తిరగడం తగదని పాలకమండలి సభ్యులు ఆయనను పిలిచి మందలించారు. వైలీ అక్కడికక్కడే రాజీనామా వ్రాసి ఇచ్చాడు. మండలి దానిని తిరస్కరించింది. అవమానం జరిగితే కుర్చీ వదిలి వెళ్ళడానికి వెనుకాడని ఈ గుణం ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ కనబడుతుంది.

వ్యవసాయ శాఖలో

1883లో వైలీ వాషింగ్టన్ నగరంలో వ్యవసాయ శాఖ ప్రధాన రసాయనవేత్తగా చేరాడు. మొదట్లో ఆయన పని ప్రధానంగా జొన్న జాతి మొక్కల నుండి చక్కెర తీయడం గురించి. 1884లో ప్రభుత్వ వ్యవసాయ రసాయనవేత్తల సంఘం స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. ఒకే సరుకును ఇద్దరు రసాయనవేత్తలు పరీక్షించి రెండు రకాల ఫలితాలు చెబితే న్యాయస్థానంలో ఏ కేసూ నిలవదు. అందరూ ఒకే పద్ధతిలో పరీక్ష చేయడానికి ఈ సంఘం వీలు కల్పించింది. చట్టం రావడానికి 22 సంవత్సరాల ముందే దాని అమలుకు కావలసిన పునాది ఇలా పడింది.

1887 నుండి 1902 వరకు ఆయన విభాగం ఆహార పదార్థాలు, వాటిలోని కల్తీలపై పది భాగాల నివేదికను వెలువరించింది. పాలు, మసాలా దినుసులు, పందికొవ్వు, చక్కెర, కాఫీ మొదలైనవి వరుసగా పరీక్షకు వచ్చాయి. 1893లో వచ్చిన ఎనిమిదవ భాగం డబ్బా కూరగాయలకు సంబంధించినది.

డబ్బా ఆహారంలో కల్తీ

తగరపు పూత పూసిన ఇనుప రేకు డబ్బాలో ఆహారాన్ని పెట్టి, మూత వేసి, తగినంత వేడిలో ఉంచితే లోపలి సూక్ష్మజీవులు చనిపోతాయి. గాలి చొరబడనంత కాలం ఆహారం చెడిపోదు. ఈ పద్ధతికి వేరే మందులేవీ అవసరం లేదు. మరి కల్తీ ఎందుకు? దీనికి వైలీ బృందం కనుగొన్న కారణాలు మూడు.

మొదటిది రంగు. ఉడికించిన బఠాణీలు పాలిపోయి పసుపు పచ్చగా మారుతాయి. వాటికి లేత పచ్చదనం తేవడానికి మైలుతుత్తం, అనగా కాపర్ సల్ఫేటు, కలిపేవారు. ముఖ్యంగా ఫ్రాన్సు నుండి దిగుమతి అయ్యే డబ్బాలలో ఇది మామూలు. రెండవది డబ్బా. రేకుల అంచులను అతికే టంకంలో సీసం ఉండేది. తగరపు పూతలోనూ సీసం కలిసి ఉండేది. జర్మనీలో దీనికి చట్టరీత్యా హద్దు ఉండగా, అమెరికాలో ఏ నిబంధనా లేదు. ఆమ్లగుణం గల పండ్లు, కూరగాయలు ఈ లోహాలను కొంత కరిగించుకుంటాయి. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, సరుకు నాణ్యత. కుళ్ళిపోవడం మొదలైన పదార్థాన్ని పారవేయకుండా వెలిగారమో సాలిసిలిక్ ఆమ్లమో కలిపితే దానినీ అమ్ముకోవచ్చు. శుభ్రమైన సరుకును శుభ్రంగా వండి మూసే వ్యాపారికి ఈ రసాయనాలు అక్కరలేదని, అవి అక్కరకు వచ్చేది అశ్రద్ధను కప్పిపుచ్చుకోవడానికేనని వైలీ నిశ్చితాభిప్రాయం. పెద్ద డబ్బా వ్యాపారులలో కొందరు ఆయనను సమర్థించడానికి ఇదే కారణం. చౌక సరుకు పోటీలో వారు నష్టపోతున్నారు.

1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో సైనికులకు పంపిన మాంసం రసాయనాలతో నిండిపోయిందని జనరల్ నెల్సన్ మైల్స్ ఆరోపించాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. సైన్యం వాడిన డబ్బా మాంసాన్ని వైలీ పరీక్షించాడు. అందులో నాసిరకం మాంసం కనిపించిందే గాని ఆరోపణలో చెప్పిన నిల్వ రసాయనాలు కనిపించలేదు. ప్రజాభిప్రాయం అంతా అటువైపు ఉన్నా, ఉన్నది ఉన్నట్లే ఆయన నివేదించాడు. వైలీని ప్రచారప్రియుడని విమర్శించేవారు ఈ విషయాన్ని తరచు మరచిపోతుంటారు.

విషదళం

ఈ రసాయనాలు మనిషికి నిజంగా హాని చేస్తాయా అన్న ప్రశ్నకు అప్పటికి రూఢియైన సమాధానం లేదు. 1902లో కాంగ్రెసు ఇందుకు 5,000 డాలర్లు మంజూరు చేసింది. వైలీ తన కార్యాలయపు నేలమాళిగలో వంటగది, భోజనశాల ఏర్పాటు చేసి, ఎక్కువగా తన శాఖలోని ఉద్యోగుల నుండే ఆరోగ్యవంతులైన 12 మంది యువకులను ఎంపిక చేశాడు. వారికి భోజనం ఉచితం. బయట ఏమీ తినరాదు. భోజనానికి ముందు బరువు, నాడి, ఉష్ణోగ్రత చూసుకోవాలి. మలమూత్రాలను కూడా పరీక్షకు అప్పగించాలి. హాని జరిగితే ప్రభుత్వాన్ని బాధ్యులను చేయబోమని వ్రాసి ఇవ్వాలి.

మొదట పరీక్షించినది వెలిగారం. దానిని వెన్నలో కలిపి వడ్డించారు. ఏ పదార్థంలో మందు ఉందో కనిపెట్టిన యువకులు వెన్న ముట్టడం మానేశారు. చివరకు గుళికలలో నింపి బహిరంగంగానే ఇచ్చారు. తరువాత సాలిసిలిక్ ఆమ్లం, గంధక సమ్మేళనాలు, బెంజోయిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ వంతు వచ్చింది. తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించడం వంటి లక్షణాలు కనిపించాయి. కొన్ని ప్రయోగాలను గడువుకు ముందే ఆపవలసి వచ్చింది.

పత్రికలు వీరికి పాయిజన్ స్క్వాడ్, అంటే విషదళం, అని పేరు పెట్టాయి. వీరిపై హాస్యపు పాటలు కూడా పుట్టాయి. పత్రికల హడావుడి మొదట వైలీకి చికాకు కలిగించినా, నూరు నివేదికలు చేయలేని పనిని అది చేసింది. నేటి ప్రమాణాలతో చూస్తే ఈ ప్రయోగాలలో లోపాలు చాలా ఉన్నాయి. మందు తీసుకోని వేరొక బృందంతో పోల్చి చూడలేదు. ఇచ్చిన మోతాదులు సాధారణ భోజనంలో దొరికేవాటికన్నా ఎక్కువ. మనుష్యులపై ఇటువంటి పరీక్షలకు ఈనాడు అనుమతి లభించదు.

1906 చట్టం

1879 నుండి 1906 వరకు ఆహార, ఔషధాల కల్తీపై నూరుకు పైగా బిల్లులు కాంగ్రెసు ముందుకు వచ్చి వీగిపోయాయి. వైలీ మహిళా సంఘాలను, రాష్ట్రాల రసాయనవేత్తలను, వైద్యులను, పత్రికలవారిని ఒక త్రాటిపైకి తెచ్చాడు. మహిళా సంఘాల పక్షాన ఆలిస్ లేకీ ప్రముఖంగా పనిచేసింది. 1906 ఫిబ్రవరిలో షికాగో మాంసపు కర్మాగారాల దుస్థితిని చిత్రిస్తూ అప్టన్ సింక్లేర్ వ్రాసిన ది జంగిల్ నవల వెలువడడంతో ప్రజాగ్రహం కట్టలు తెంచుకుంది. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్టు మాంస తనిఖీ చట్టం, స్వచ్ఛ ఆహార, ఔషధ చట్టం రెండింటిపైన సంతకం చేశాడు. రెండవది 1907 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం కల్తీ ఆహారాన్ని గాని, తప్పుడు పేరు తగిలించిన ఆహారాన్ని గాని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పంపడం నేరం. తనిఖీ అధికారి బజారులో నమూనా కొంటాడు. వైలీ విభాగం పరీక్షిస్తుంది. దోషం కనబడితే వ్యాపారికి నోటీసు ఇచ్చి అతని వాదన వింటారు. ఆ పైన వ్యవసాయ మంత్రి ఆ కేసును ప్రభుత్వ న్యాయవాదికి పంపుతాడు. శిక్షలు మాత్రం స్వల్పం. రాష్ట్రాల మధ్య రవాణా విషయంలో మొదటి తప్పుకు 200 డాలర్లకు మించని జరిమానా. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోనిది కాదు. అసలు పదును రెండు చోట్ల ఉంది. ఒకటి, సరుకునే జప్తు చేసి నాశనం చేయించే అధికారం. రెండు, ప్రతి తీర్పునూ కంపెనీ పేరుతో సహా ప్రచురించాలన్న నిబంధన.

లోపాలు కూడా ఉన్నాయి. డబ్బాలో ఎంత బరువు ఉండాలో, ఎటువంటి పండు ఉండాలో చెప్పే ప్రమాణాలు చట్టంలో లేవు. బరువు వ్రాయడం తప్పనిసరి కాదు, వ్రాస్తే నిజం వ్రాయాలి అంతే. నికర పరిమాణం వ్రాయాలన్న నియమం 1913 సవరణతో గాని రాలేదు.

యాభై డబ్బాల కేసు

సరుకును జప్తు చేసే కేసులలో ప్రతివాది మనిషి కాదు, సరుకే. అందుచేత అమెరికా ప్రభుత్వం వర్సెస్ యాభై డబ్బాల గుడ్లు వంటి విచిత్రమైన పేర్లు న్యాయస్థానాల రికార్డులలో కనిపిస్తాయి. ఈ గుడ్ల కేసు డబ్బా ఆహార చట్టాల చరిత్రలో ఒక మైలురాయి. హిపోలైట్ ఎగ్ కంపెనీ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయీ నుండి ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా పట్టణపు బేకరీకి పంపిన గుడ్ల సొన డబ్బాలలో సుమారు 2 శాతం బోరిక్ ఆమ్లం ఉన్నట్లు తేలింది. ఇది వెలిగారం నుండి తయారయ్యేదే. అధికారులు బేకరీ గిడ్డంగిలో ఉన్న 50 డబ్బాలను జప్తు చేశారు.

సరుకు గమ్యం చేరిపోయిందని, రాష్ట్రాల మధ్య వ్యాపారం అంతటితో ముగిసిందని, డబ్బాలను తిరిగి అమ్మడం లేదని, రొట్టెల తయారీకి వాడుకోవడానికే ఉంచారని, అందువల్ల కేంద్ర ప్రభుత్వానికి వాటిపై అధికారం లేదని కంపెనీ వాదించింది. ఈ వాదన నెగ్గి ఉంటే చట్టం రైలు పెట్టెలకు మాత్రమే పరిమితమయ్యేది. డబ్బా దించి గిడ్డంగిలో పెట్టగానే చట్టం చేయి దాటిపోయేది. 1911 మార్చి 13న సుప్రీంకోర్టు ఈ వాదనను త్రోసిపుచ్చింది. నిషిద్ధమైన సరుకు ఎక్కడ కనిపించినా పట్టుకోవచ్చునని తీర్పు చెప్పింది. వైలీ నేలమాళిగలో 12 మంది యువకులు మింగిన పదార్థం ఆ విధంగా దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది.

అధికారం కోల్పోవడం

న్యాయస్థానాలలో చట్టం బలపడుతుండగా, కార్యాలయంలో వైలీ బలహీనుడవుతూ వచ్చాడు. ఏది హానికరమో నిర్ణయించే అధికారం చట్టప్రకారం తన విభాగానిదేనని ఆయన నమ్మకం. వ్యాపారులు వ్యవసాయ మంత్రి జేమ్స్ విల్సన్‌ను, అధ్యక్షుడిని ఆశ్రయించారు. 1907 ఏప్రిల్‌లో మంత్రి ముగ్గురు సభ్యుల ఆహార, ఔషధ తనిఖీ మండలిని నియమించాడు. వైలీతో పాటు రసాయనవేత్త ఫ్రెడరిక్ డన్‌లప్, శాఖ న్యాయవాది జార్జి మెకేబ్ సభ్యులు. ఆ ఇద్దరూ ఏకమై వైలీ నిర్ణయాలను చాలాసార్లు త్రోసివేశారు.

1908 జనవరిలో అధ్యక్ష భవనంలో జరిగిన సమావేశం ఆయనను మరింత దెబ్బతీసింది. ఆ సంఘటన వివరాలు ఎక్కువగా వైలీ స్వయంగా వ్రాసిన గ్రంథం నుండి తెలిసినవే. డబ్బా మొక్కజొన్నలో చక్కెరకు బదులు సాకరిన్ వాడి తమ సంస్థ ఏటా 4,000 డాలర్లు ఆదా చేసిందని కాంగ్రెసు సభ్యుడు జేమ్స్ షెర్మన్ అధ్యక్షుడికి చెప్పాడు. వైలీ తనను అడగకుండానే కలుగజేసుకొని, ఆ డబ్బా తిన్నవారందరూ చక్కెర తింటున్నామనుకొని మోసపోయారని, సాకరిన్ ఆరోగ్యానికి హానికరమని అన్నాడు. రూజ్వెల్టు తన వైద్యుని సలహాపై రోజూ సాకరిన్ వాడుతున్నాడు. అది హానికరమన్నవాడు బుద్ధిహీనుడని మండిపడ్డాడు. కొద్ది రోజులకే పండితుల మధ్యవర్తి మండలిని నియమించాడు. దాని అధ్యక్షుడు ఐరా రెమ్‌సెన్. ఈయన ప్రయోగశాలలోనే 1879లో సాకరిన్ పుట్టింది.

వైలీ మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. కొనేవారికి చెప్పకుండా చక్కెర తీసివేయడం మోసమన్న మాటకు తిరుగులేదు. సాకరిన్ విషమన్న మాటకు అంత ఆధారం లేదు. ఆయన రెండవదానిని పట్టుకొని మొదటిదానిని కూడా పోగొట్టుకున్నాడు. 1909లో మధ్యవర్తి మండలి సోడియం బెంజోయేటు కొద్ది మోతాదులో హానికరం కాదని ప్రకటించింది. అది వైలీకి పెద్ద ఓటమి. ఆ పదార్థం నేటికీ అనేక దేశాలలో పరిమితికి లోబడి వాడుకలో ఉంది. అయితే అదే మండలి ఎక్కువ సాకరిన్ జీర్ణశక్తికి చేటు అని 1911లో తేల్చింది. కూరగాయలకు రాగి లవణాలతో రంగు వేయడం గురించి 1913లో ప్రచురించిన నివేదికలో వైలీ పక్షమే వహించింది. అప్పటికి ఆయన పదవిలో లేడు.

1911లో ఆయనపై మరొక దాడి జరిగింది. ఔషధ నిపుణుడు రస్బీని చట్టం అనుమతించిన దినసరి రుసుముకు మించి చెల్లించేలా నియమించారని ఆరోపణ వచ్చింది. వైలీని రాజీనామాకు అనుమతించాలని అటార్నీ జనరల్ సిఫారసు చేశాడు. పత్రికలు, ప్రజలు వైలీ వెంట నిలిచారు. అధ్యక్షుడు టాఫ్ట్ సెప్టెంబరులో ఆయనను నిర్దోషిగా ప్రకటించాడు. గౌరవం దక్కింది గాని అధికారం తిరిగి రాలేదు. 1912 మార్చి 15న వైలీ రాజీనామా చేశాడు. ఈసారి దానిని ఎవరూ తిరస్కరించలేదు.

కెఫీన్ కారణంగా కోకా కోలాపై 1909లో పెట్టిన కేసు ఆయన నిష్క్రమణ తరువాత కూడా నడిచింది. 1911లో క్రింది కోర్టులో ప్రభుత్వం ఓడిపోయింది. 1916లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఆ మరుసటి సంవత్సరం కంపెనీ కెఫీన్ తగ్గించడానికి ఒప్పుకోవడంతో వివాదం ముగిసింది. 1914లో పిండిని తెల్లబరచే రసాయనాలకు సంబంధించిన మరొక కేసులో, కలిపిన పదార్థం ఆ ఆహారంలో ఉన్న మోతాదులో ఆరోగ్యానికి హాని చేయగలదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు తేల్చింది. వైలీ సిద్ధాంతానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

పత్రికారంగంలో

పదవి వదిలిన వెంటనే వైలీ గుడ్ హౌస్‌కీపింగ్ అనే గృహిణుల మాసపత్రికలో చేరాడు. అక్కడ ఒక పరిశోధనశాల ఏర్పరచి సరుకులను పరీక్షించి మంచిచెడులు ప్రకటించేవాడు. జీవితాంతం ఆ పని కొనసాగించాడు. ఆయన ప్రధాన సహాయకుడు విల్లార్డ్ బిగెలో 1913లో డబ్బా ఆహార తయారీదారుల జాతీయ సంఘపు పరిశోధనశాలకు వెళ్ళాడు. గురువు కొనేవారి పక్షాన, శిష్యుడు తయారుచేసేవారి పక్షాన అదే శాస్త్రాన్ని వినియోగించడం గమనార్హం.

వైలీ 1907లో ఆహారం, దానిలోని కల్తీపై ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. 1929లో వెలువడిన మరొక గ్రంథంలో ఆహార చట్టాన్ని నీరుగార్చారంటూ అందుకు బాధ్యులనుకున్నవారి పేర్లు చెప్పి మరీ విమర్శించాడు. దీనిలో కోపం పాలు ఎక్కువ. చారిత్రక ఆధారంగా వాడేటపుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

వ్యక్తిగత జీవితం

1911 ఫిబ్రవరిలో, తన 66వ ఏట, వైలీ ఆనా కెల్టన్‌ను వివాహమాడాడు. చాలా సంవత్సరాల క్రితమే ఆయన అడిగినా ఆమె అంగీకరించలేదు. వీరికి ఇద్దరు కుమారులు. ఆనా స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలో చురుకుగా పాల్గొని, 1917లో అధ్యక్ష భవనం ముందు నిరసన తెలిపినందుకు అరెస్టయింది.

మరణం, తదనంతరం

వైలీ 1930 జూన్ 30న వాషింగ్టన్‌లో మరణించాడు. ఆహార చట్టంపై రూజ్వెల్టు సంతకం చేసి ఆ రోజుకు సరిగ్గా 24 సంవత్సరాలు. ఆయన భౌతికకాయాన్ని ఆర్లింగ్టన్ జాతీయ స్మశానవాటికలో ఖననం చేశారు. ఎనిమిది రోజుల తరువాత, జూలై 8న, మెక్‌నారీ-మేప్స్ సవరణ చట్టమైంది. 1906లో లేకపోయిన ప్రమాణాలను మాంసం, పాలు మినహా మిగిలిన డబ్బా ఆహారాలకు ఇది కల్పించింది. నాణ్యత, స్థితి, డబ్బా ఎంతవరకు నింపాలి అన్న మూడు విషయాలలో ప్రమాణాలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ప్రమాణానికి తగ్గిన డబ్బాపై, ఇది ప్రమాణం కన్నా తక్కువ సరుకని, అయితే చట్టవిరుద్ధం కాదని ముద్రించాలి. ఈ సవరణను కోరి తెచ్చుకున్నది డబ్బా తయారీదారులే కావడం విశేషం.

ఆయన విభాగంలోని అమలు శాఖ 1927లో వేరుపడి, 1930 నుండి ఆహార, ఔషధ సంస్థగా, అనగా ఎఫ్.డి.ఎ.గా, పేరొందింది. 1938లో వచ్చిన కొత్త చట్టం 1906 చట్టం స్థానాన్ని ఆక్రమించింది. 1956లో చట్టం స్వర్ణోత్సవం సందర్భంగా అమెరికా తపాలా శాఖ వైలీ చిత్రంతో 3 సెంట్ల బిళ్ళ విడుదల చేసింది. మేరీలాండ్ రాష్ట్రంలోని కాలేజ్ పార్కులో ఎఫ్.డి.ఎ. ఆహార విభాగం కోసం నిర్మించిన భవనానికి ఆయన పేరే పెట్టారు.